పని ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది

బృందంలో ఒకరికి పని అప్పగించడంలో మూడు విషయాలను విడివిడిగా చూడాలి: పని, ఆ పనిలో ఎదురయ్యే నిర్ణయాలు తీసుకునే అధికారం, ఫలితానికి జవాబు చెప్పే బాధ్యత. పని పూర్తిగా చేతులు మారుతుంది. అధికారం, ఇచ్చేవారు ఇచ్చినంత మేరకే మారుతుంది. జవాబుదారీ మాత్రం అప్పగించినా అప్పగించినవారిని వదలదు. ఫ్రాన్సులో గనుల కంపెనీని నడిపిన ఇంజనీరు ఆన్రీ ఫాయోల్ 1916లో వెలువరించిన సూత్రాల్లో అధికారమూ బాధ్యతా ఒకదాని వెంట ఒకటి ఉండాలన్నాడు. పాలనాశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఈ అప్పగింతకు అధికార దత్తత అని పేరు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఆ మాట ఎవరి నోటా రాదు. అక్కడ ‘అసైన్ చేశా’ అంటారు, ‘నువ్వే ఓనర్’ అంటారు. ఓనర్ అన్న మాట ఎంత పెద్దదో, దాని వెంట వచ్చే అధికారం చాలాసార్లు అంత చిన్నది.

హైదరాబాదు ఐటీ కారిడార్ నిలబడిందే అప్పగింత మీద. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఇక్కడి కంపెనీలకు వచ్చే పనిలో ఎక్కువ భాగం, విదేశీ సంస్థలు తమ చేతిలోంచి కొంత తీసి ఇటు పంపినదే. 2000 సంవత్సరం తేదీల సమస్య నాటి పని తీరు చూస్తే విషయం తెలుస్తుంది. ఏం మార్చాలో అక్కడ రాసేవారు, ఇక్కడ మార్చేవారు. పని సముద్రం దాటింది, నిర్ణయం దాటలేదు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఇక్కడ పెట్టింది కూడా 1998లోనే. ఆ తర్వాత బహుళజాతి సంస్థల సొంత కేంద్రాలు పెరిగేకొద్దీ, ఉత్పత్తి ఎలా ఉండాలన్న నిర్ణయాల్లో కొన్ని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలోనే జరగడం మొదలైంది. ఊరి మొత్తం మీద వచ్చిన ఈ మార్పు ఒక్కో బృందంలోకి వచ్చేసరికి సగంలో ఆగింది. ఖండాలు దాటి వచ్చిన అధికారం మేనేజర్ బల్ల దాటి కిందికి దిగదు.

అది అక్కడే ఆగాలా, దిగాలా అన్నది ఈ సంవాదం. ఒక పక్షం డెలివరీ మేనేజర్‌ది. సర్వీసెస్ కంపెనీలో పద్దెనిమిదేళ్ల అనుభవం, ఒక బ్యాంకుకు ప్రొడక్షన్ సపోర్టు ఆయన చేతిలో ఉంది. రెండో పక్షం ఒకప్పుడు ఆయన బృందంలో పనిచేసి, ఇప్పుడు ఒక బహుళజాతి సంస్థ కేంద్రంలో ఎనిమిది మందిని నడిపిస్తున్న టీమ్ లీడ్‌ది. ఆయనకు ఆమె ఇంకా ‘నువ్వు’, ఆమెకు ఆయన ఇంకా ‘సర్’.

మేనేజర్: పని అప్పగించండి, అప్పగించండి అని ప్రతి ట్రైనింగులోనూ చెబుతారు. చెప్పేవాళ్లెవరూ క్లయింటు కాల్‌లో కూర్చోరు. నెలాఖరు బ్యాచ్ జాబ్ ఆగిందనుకో. లాగ్ చూస్తే నాకు ఇరవై నిమిషాల పని. అదే కొత్త కుర్రాడికి ఇస్తే చెప్పడానికి గంట, వాడు చేసింది సరిచూడ్డానికి ఇంకో గంట. నాకు లాభమేంటి?

లీడ్: ఒక్క నెలకే లెక్క కట్టారు సర్. ఏడాదికి కట్టండి.

మేనేజర్: కడదాం. నేనే చేస్తే నెలకు ఇరవై నిమిషాలు, ఏడాదికి నాలుగు గంటలు. వాడికి అప్పగిస్తే మొదటి నెల రెండు గంటలు, రెండో నెల గంట, మూడో నెల అరగంట. ఆ తర్వాత నెలకు అయిదు నిమిషాలు అనుకున్నా తొమ్మిది నెలలకు ముప్పావుగంట. మొత్తం నాలుగుంబావు గంటలు. ఇంకా పావుగంట నాకే నష్టం!

లీడ్: ఒప్పుకుంటాను. టైమ్ మిగులుతుందని ఆశపడి అప్పగించేవాళ్లు మొదటి ఏడాదిలోనే విసుగెత్తి మానేస్తారు. మిగిలేది టైమ్ కాదు సర్. ఆ నెలాఖరు రాత్రి మీరు తిరుమలలో క్యూ కాంప్లెక్సులో ఉన్నారనుకోండి. ఫోను కౌంటర్లో ఇచ్చేశారు. జాబ్ ఆగింది. అప్పుడేం చేస్తారు?

మేనేజర్: నెలాఖరున నేను తిరుమల వెళ్లను.

లీడ్: చూశారా, మీ దర్శనం తేదీని కూడా బ్యాచ్ జాబే నిర్ణయిస్తోంది.

సమయం ఆదా అవుతుందన్నది అప్పగింతకు అనుకూలంగా అందరూ చెప్పే కారణం. పైలెక్క చూపినట్టు అది అన్నింటికన్నా బలహీనమైనది కూడా. అసలు కారణం, పని ఒక్క మనిషి గుండా మాత్రమే నడిచే స్థితిని తప్పించడం. మేనేజ్‌మెంట్ సలహాదారు గ్రైకునాస్ 1933లో ఒక లెక్క చెప్పాడు. అధికారికీ కిందివారికీ, కిందివారిలో వారికీ వారికీ మధ్య ఏర్పడగల సంబంధాలన్నిటినీ కూడితే అయిదుగురు ఉన్నప్పుడు 100 వస్తాయి, ఆరుగురైతే 222, ఎనిమిది మంది అయితే 1,080. ఇవన్నీ ప్రతిరోజూ పనిచేసే సంబంధాలు కావు, కాగితం మీది లెక్క. అయినా ఒక్క మనిషి చేరగానే బరువు రెట్టింపు దాటుతుందన్న సంగతి, బృందం పెరిగిన ప్రతి మేనేజర్‌కూ లెక్క లేకుండానే తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో ఇంకో ఇబ్బంది రోడ్డు మీద ఉంది. రిలీజుకు అనుమతి ఇవ్వాల్సిన ఒక్క మనిషి దుర్గం చెరువు తీగల వంతెన మీద వానలో ఇరుక్కుంటే, పది మంది సీట్లలో కూర్చుని ఆయన కారు కదిలేదాకా ఎదురుచూస్తారు. 2023 జులై వానలప్పుడు ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఒకేసారి కాకుండా విడతలవారీగా ఇళ్లకు పంపాలని సైబరాబాద్ పోలీసులు సూచించారు. మనుషులను విడతలుగా పంపడం కుదిరింది. నిర్ణయాన్ని పంచుకోని బృందానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

తర్వాతి ప్రశ్న, ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు.

మేనేజర్: అయితే అన్నీ ఇచ్చేసి నన్ను కాఫీ తాగుతూ కూర్చోమంటావా?

లీడ్: లేదు సర్. అప్రైజల్ రేటింగు మీరే రాయాలి, అది ఇంకొకరితో రాయించకూడదు. ఒకరి ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే మీరే మాట్లాడాలి. ఒకరి జీతం సంగతి ఇంకొకరి చెవిన పడకూడదు. క్లయింటుకు క్షమాపణ చెప్పాల్సి వస్తే ఆ కాల్‌లో మీరే ఉండాలి.

మేనేజర్: అవి సరే. మిగతావి ఇస్తూనే ఉన్నాను కదా. టైమ్‌షీట్ల వెంటపడటం, వారం రిపోర్టు పీపీటీ, మీటింగ్ మినిట్స్, ఇవన్నీ టీమే చేస్తోంది.

లీడ్: మీ టీమ్‌లో నాలుగేళ్లు మినిట్స్ నేనే రాశాను సర్.

మేనేజర్: నీ ఇంగ్లీషు బాగుండేది.

లీడ్: టీమ్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని కూడా.

ఈ చివరి మాటకు మేనేజర్ దగ్గర జవాబు లేదు. చాలా బృందాల్లో అప్పగింత పేరుతో జరిగేది ఇదే. మేనేజర్‌కు విసుగుపుట్టించే పనులు కిందికి జారతాయి, ఆసక్తి పుట్టించేవి పైనే మిగులుతాయి. జారిన పనులు కూడా అడిగితే కాదనని ఒకరిద్దరి మీదే పడతాయి. దీన్ని అప్పగించడం అనరు, తోసెయ్యడం అంటారు. రెంటినీ వేరుచేయడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: ఆ పనిలో చేసేవారు సొంతంగా తీసుకునే నిర్ణయం ఒక్కటైనా ఉందా అని చూడాలి. మినిట్స్ రాయడంలో లేదు. ఎజెండా తయారుచేసి, ఎవరిని పిలవాలో తేల్చి, మీటింగ్ నడపడంలో ఉంది. రెండూ కలిపి ఇస్తే మినిట్స్ కూడా ఒక బాధ్యతలో భాగమవుతాయి.

ఎవరికి ఇవ్వాలన్న విషయంలో మేనేజర్ల ఫిర్యాదు తక్కువది కాదు. ఇక్కడి బృందాలు నిలకడగా ఉండవు.

మేనేజర్: నా దగ్గరికి వచ్చేవాళ్లు బెంచ్ మీంచి, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నచోటి నుంచి వస్తారు. సంగతి తెలిసే లోపల ఇంకో ఆఫర్ చేతిలో పట్టుకుంటారు. అలాంటివాళ్లకు ఏమని అప్పగించను?

లీడ్: వాళ్లు రిజైన్ చేసిన రోజున మీరు మొదట అడిగేదేంటి సర్?

మేనేజర్: కేటీ. ఇంకేం అడుగుతాను?

లీడ్: కేటీ అంటే ఒక్కడికే తెలిసిన పనిని, వాడు వెళ్లిపోయే తొంభై రోజుల్లో ఇంకొకడికి ఎక్కించడం. వెళ్లే మనసులో ఉన్నవాడు ఎంత చెబుతాడు? అదే పని ఆర్నెల్ల ముందే ఇద్దరి చేతిలో ఉండి ఉంటే కేటీ రెండు రోజుల్లో అయిపోయేది.

మేనేజర్: ఇద్దరికీ రావాలి కదా! ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇస్తే పొరపాట్లు, ఫ్రెషర్‌కు ఇస్తే అంతకన్నా ఎక్కువ పొరపాట్లు.

ఇక్కడ అనుభవం అన్న మాటనే కొంచెం విప్పి చూడాలి. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983 నాటి తన పుస్తకంలో దీన్ని మనిషికి కాక పనికి ముడిపెట్టాడు. ఎనిమిదేళ్లు జావా రాసినవాడు క్లయింటుతో మొదటిసారి మాట్లాడేటప్పుడు ఆ పనిలో కొత్తవాడే, దగ్గరుండి చెప్పాలి. అదే మనిషికి కోడ్ రివ్యూ అప్పగిస్తే పక్కకు తప్పుకోవాలి. సీనియర్ కదా అని రెండు చోట్లా వదిలెయ్యడం, జూనియర్ కదా అని రెండు చోట్లా వేలు పట్టుకోవడం, ఒకే తప్పుకు రెండు రూపాలు.

మనిషికీ పనికీ ఉండాల్సిన పొందికకు మంచి ఉదాహరణ ఇదే ఊళ్లో, ఐటీ కారిడార్‌కు ఊరి అవతలి కొసన కంచన్‌బాగ్‌లో ఉంది. 1982లో అబ్దుల్ కలామ్ అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ పగ్గాలు పట్టాడు. మరుసటి ఏడాది మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో అయిదు క్షిపణులు, అయిదుగురు ప్రాజెక్టు డైరెక్టర్లు. పృథ్వి సైన్యం నుంచి వచ్చిన కల్నల్ సుందరం చేతికి, త్రిశూల్ నౌకాదళం నుంచి వచ్చిన కమడోర్ మోహన్ చేతికి, అగ్ని ఆర్.ఎన్. అగర్వాల్ చేతికి వెళ్లాయి. ఆకాశ్, నాగ్‌లను మాత్రం వయసులో చిన్నవారైన ప్రహ్లాద, ఎన్.ఆర్. అయ్యర్‌లకు ఇచ్చాడు. కారణం కలామ్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు: ఆ రెండింటి పని ఊపందుకునేది అయిదారేళ్ల తర్వాతే. అప్పటికి ఆ యువకులు ఎదుగుతారు. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న, అగ్ని 1989 మే 22న తొలిసారి ఎగిరాయి.

మేనేజర్: అవి దేశం పనులమ్మా. నాది మూడు నెలల రిలీజు.

లీడ్: మూడు నెలల్లో కూడా ముందు వచ్చేదీ, వెనక వచ్చేదీ ఉంటాయి కదా సర్. వచ్చే వారం వెళ్లాల్సింది చేయి తిరిగినవాడికి ఇస్తాను. పదో వారంలో వెళ్లాల్సింది ఈరోజే ఫ్రెషర్‌కు ఇస్తాను. మనం చేసే తప్పు ఏంటంటే, అర్జెంటు కాని పనిని ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకుని, అది అర్జెంటు అయిన రోజున ఫ్రెషర్ నెత్తిన పెట్టడం.

ఎలా అప్పగించాలన్నది ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద భాగం, అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టే భాగం కూడా. ఎక్కువ పనులు నడవాలో స్టాండప్‌లోనో ఒక్క వాక్యంలో చేతులు మారుతాయి: “ఆ రిపోర్టు స్లోగా వస్తోందంట, కాస్త చూడు.” ఎంత వేగం కావాలి, ఎప్పటికి కావాలి, ఏం ముట్టుకోవచ్చు, ఏం ముట్టుకోకూడదు, ఎవరిని అడగాలి, ఇవేవీ అందులో లేవు. వినేవాడు తలూపుతాడు. “అర్థమైందా?” అంటే “ఓకే సర్” అంటాడు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు వచ్చిన దాఖలా లేదు.

టీమ్ లీడ్ అదే పనిని జిరా టికెట్‌లో ఇలా రాస్తుంది:

“రోజువారీ అమ్మకాల రిపోర్టు ఇప్పుడు 40 నిమిషాలు తీసుకుంటోంది. 10 నిమిషాల్లోపు రావాలి. న్యూయార్క్ ఆఫీసు తెరిచే వేళకు, అంటే మన సాయంత్రం 6.30కి వాళ్ల మెయిల్‌లో ఉండాలి. క్వెరీ ఎలా రాయాలన్నది నీ ఇష్టం. ఇండెక్సులు, టేబుల్ మార్పులు డీబీఏతో తేల్చుకో, నన్ను అడగక్కర్లేదు. కాలమ్‌లు తీసెయ్యాల్సి వస్తే మాత్రం ముందు నాకు చెప్పు, క్లయింటుతో నేను మాట్లాడాలి. ఈ శుక్రవారానికి ఆలస్యం ఎక్కడ అవుతోందో కనుక్కుంటే చాలు. పరిష్కారం వచ్చే బుధవారం. ఈ పని నీదని డీబీఏకూ క్లయింటుకూ ఈరోజే మెయిల్ పెడుతున్నాను.”

మేనేజర్: ఇంత రాసేలోపు పని అయిపోతుంది.

లీడ్: అయిదు నిమిషాలు పట్టింది సర్. రాసేటప్పుడే నాకు తెలియనివి రెండు బయటపడ్డాయి. కాలమ్‌ల సంగతి వాళ్లు ఒప్పుకుంటారో లేదో నేనే కనుక్కోలేదు. నోటితో చెప్పి ఉంటే ఆ బరువు వాడి మీద పడేది.

ఆ టికెట్‌లో చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. ఒకరికి అధికారం ఇచ్చి, ఆ సంగతి మిగతావారికి చెప్పకపోతే ఇవ్వనట్టే. డేటాబేస్ చూసుకునే డీబీఏ దృష్టిలో ఆ కుర్రాడు ఎవరో ఒక డెవలపర్. అతని మెయిల్ అడుగున పడి ఉంటుంది. రెండు రోజులు చూసి అతను మళ్లీ మేనేజర్ దగ్గరికే వస్తాడు, మేనేజర్ ఫోన్ చేస్తే పని నిమిషంలో అవుతుంది, ‘నేను లేకపోతే ఏదీ కదలదు’ అన్న మేనేజర్ నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది.

రాసినదాన్ని అవతలివారు ఎలా అర్థం చేసుకున్నారో తెలియాలంటే, ఎలా మొదలుపెడతావో నీ మాటల్లో చెప్పమనాలి. రెండు నిమిషాల ఈ తిరుగుచెప్పుడు రెండు వారాల తిరుగుపనిని తప్పిస్తుంది.

పని చేతులు మారాక అదుపు ఎలా అన్న దగ్గర ఇద్దరి వాదం గట్టిపడుతుంది, మేనేజర్ పక్షం బలపడుతుంది.

మేనేజర్: 2012 ఆగస్టు 1 గుర్తుందా? న్యూజెర్సీలో షేర్ల ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్. ఎనిమిది సర్వర్లలో ఒకదానిలోకి కొత్త కోడ్ ఎక్కించడం టెక్నీషియన్ మరిచిపోయాడు. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అందుకే రిలీజు నా కళ్లముందు జరగాలంటాను.

లీడ్: అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆ కేసులో ఏం తప్పుపట్టిందో కూడా చెప్పండి సర్. మేనేజర్ దగ్గర లేడని కాదు. ఎక్కించినదాన్ని రెండో టెక్నీషియన్ సరిచూడాలన్న నియమం రాతలో లేదని. ఆ రెండో కన్ను మీదే కానక్కర్లేదు, పక్క సీటువాడిదైనా చాలు.

మేనేజర్: పక్క సీటువాడిని నమ్మాలంటావు.

లీడ్: నమ్మకం లేకుండా టీమ్ ఎలా నడుస్తుంది సర్?

మేనేజర్: నమ్మకం మాట మాదాపూర్‌లో ఎత్తకమ్మా. 2009 జనవరి 7న నేను ఇక్కడే ఉన్నాను.

ఆ రోజు సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నాడు. బ్యాంకులో డబ్బు ఉందో లేదో తెలుసుకోవడం పెద్ద విద్య కాదు. బ్యాంకును నేరుగా అడిగితే తెలుస్తుంది. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలపై ఇచ్చిన ఉత్తర్వుల్లో ప్రధానమైన తప్పు సరిగ్గా ఇదే: బ్యాంకుల నుంచి ధ్రువీకరణ తెప్పించే ప్రక్రియను ఆడిటర్లు తమ చేతిలో ఉంచుకోకుండా కంపెనీకే వదిలేశారు. ఎవరిని తనిఖీ చేయాలో వారికే తనిఖీని అప్పగించారన్నమాట.

ఆ స్థాయి మోసానికీ ఒక ప్రాజెక్టు స్టేటస్‌కూ పోలిక లేదు. అయినా అమరికలోని లోపం ఒకటే. వారం వారం ‘గ్రీన్’ అని మెయిల్ పెట్టేది పని చేసేవారే, ఆ మెయిల్ తప్ప మేనేజర్ చూసేది ఇంకేమీ లేదు. అలాంటి ప్రాజెక్టులు ఆఖరి వారం దాకా పైకి పచ్చగా ఉండి, కోస్తే లోపల ఎర్రగా బయటపడతాయి. పుచ్చకాయ స్టేటస్ అని దానికి పేరు కూడా పడింది. పరిష్కారం మనిషి నెత్తిన కూర్చోవడంలో లేదు. జాబ్ లాగ్, టెస్టుల ఫలితాలు, పనిచేస్తున్న స్క్రీను, ఇవి ఎవరి మాటా అక్కర్లేకుండా నేరుగా కనిపించేలా ఉంచుకోవాలి. చూసేది ఎప్పుడన్నది కూడా ముఖ్యం. గ్రోవ్ చెప్పినట్టు ముడిసరుకు దశలో చూడటం చవక. డిజైన్ ఒకటిన్నర పేజీగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు చదివితే, మూడు వారాల కోడ్‌ను చివర్లో తిప్పికొట్టే పని ఉండదు. చాలామంది మేనేజర్లు ఇది తలకిందులుగా చేస్తారు. మొదట ‘నువ్వే చూసుకో’, చివరికి ‘ఇదేంటిలా చేశావు’.

అప్పగించిన పని తిరిగి పైకెక్కే దారి ఇంకొకటుంది. విలియం ఆంకెన్, డోనాల్డ్ వాస్ 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో దీన్ని కోతితో పోల్చారు. నడవాలో ఎదురైన ఉద్యోగి సమస్య చెబుతాడు, మేనేజర్ ‘నేను చూస్తాను’ అంటాడు. ఆ ఒక్క మాటతో ఉద్యోగి భుజం మీది కోతి మేనేజర్ భుజం మీదికి దూకుతుంది. హైటెక్ సిటీలో ఈ కోతి “సర్, చిన్న డౌట్” అంటూ వస్తుంది, జవాబు “మెయిల్ పెట్టు, సాయంత్రం చూస్తా.” శుక్రవారం నాటికి మేనేజర్ దగ్గర డజను కోతులు, బృందం చేతులు ఖాళీ.

లీడ్: అందుకే ‘నువ్వేం అనుకుంటున్నావు?’ అని అడిగి పంపిస్తాను. ఏదో ఒక ప్రతిపాదనతో రావాలి.

మేనేజర్: ఒకసారి అలా పంపిస్తే వాడు రెండోసారి రాడు. తప్పు చేసి దాచుకుంటాడు. నీకు కోతుల బెడద తప్పుతుంది, నాకు రాత్రి రెండింటికి ఎస్కలేషన్ వస్తుంది.

లీడ్: అది నిజమే. అందుకే ఆలోచన లేకుండా రావచ్చన్నవి కొన్ని ముందే రాసిపెట్టాను. డేటా పోయింది, క్లయింటు కోపంగా ఉన్నాడు, సెక్యూరిటీ అనుమానం వచ్చింది, తనవల్లే తప్పు జరిగింది. ఈ నాలుగింటికి పరుగెత్తుకుని రావాలి.

మిగతావాటికి ఆంకెన్, వాస్ చెప్పిన అయిదు మెట్లు వాడుక మాటల్లో ఇలా ఉంటాయి: చెప్పేదాకా ఆగు; ఏం చెయ్యాలో అడుగు; ఇలా చేద్దామనుకుంటున్నానని చెప్పు; చేసి వెంటనే చెప్పు; చేసెయ్, వారం చివర రిపోర్టులో రాయి. కింది రెండు మెట్ల మీద ఎవరినీ నిలబెట్టకూడదన్నది ఆ వ్యాసకర్తల అభిప్రాయం. ప్రొడక్షన్ సపోర్టులో మొదటి నెల ఫ్రెషర్‌కు అది అతి. అక్కడ రెండో మెట్టు న్యాయమే. ముఖ్యమైనది, ఏ పనిలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఇద్దరికీ ఒకేలా తెలియడం. కుర్రాడు నాలుగో మెట్టు మీద ఉన్నాననుకుని చేసేస్తాడు, మేనేజర్ అతన్ని మూడో మెట్టు మీద ఉన్నాడనుకుని ‘నన్నెందుకు అడగలేదు’ అంటాడు. సగం తగాదాలు ఇవే.

మేనేజర్: తప్పు జరిగితే క్లయింటు నా పేరే పిలుస్తాడు కదా.

లీడ్: పిలవాలి సర్. క్లయింటుకు వెళ్లే మెయిల్‌లో కుర్రాడి పేరు ఉండకూడదు. లోపల కూర్చున్నప్పుడు మొదట మనం రాసిచ్చిన టికెట్ తెరిచి, అందులో ఏది లేదో చూడాలి.

మేనేజర్: అదే తప్పు మళ్లీ చేస్తే?

లీడ్: ఒక మెట్టు కిందికి దించుతాను. పని లాక్కోను.

ఈ వాదం ఒక కొలిక్కి రావలసిన చోటు రాత్రి షిఫ్టు. న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలంటే ఇక్కడ వాళ్ల వేసవిలో తెల్లవారుజాము 2.30, వాళ్ల చలికాలంలో 3.30. బ్యాంకు రోజు ముగింపు జాబులు నడిచేది ఆ తర్వాతే. అప్పుడు ఏదైనా తప్పితే, కొత్త కోడ్‌ను వెనక్కి తీసి పాతది పెట్టాలా, ఆగి సరిచేయాలా అన్నది నిమిషాల మీద తేలాలి. స్క్రీను ముందు ఉన్నవారికి లాగ్ కనిపిస్తోంది, అధికారం లేదు. అధికారం ఉన్నవారు నిద్రలేచి ల్యాప్‌టాప్ తెరిచి వీపీఎన్ కలిసేసరికి పావుగంట. అయినా మేనేజర్ రోల్‌బ్యాక్‌ను పూర్తిగా వదులుకోడు, వదులుకోనక్కర్లేదు కూడా. ఆయన చివరికి ఒప్పుకున్నది ఇంతవరకే: రిలీజు అయిన ఆరు గంటల్లోపు, డేటాబేస్ మారకపోతే, షిఫ్టు లీడ్ ఎవరినీ అడగకుండా రోల్‌బ్యాక్ చేసి, చేశాక మెసేజ్ పెట్టాలి. డేటాబేస్ మారిందంటే చేయి పెట్టకుండా ఫోన్ చేయాలి. ఈ రెండు వాక్యాలూ షిఫ్టులో ఏం చేయాలో రాసి ఉంచే రన్‌బుక్‌లోకి ఎక్కాయి. ఎస్కలేషన్ పట్టికలో మొదటి గడిలో షిఫ్టు లీడ్ పేరు వచ్చింది, మేనేజర్ పేరు రెండో గడిలోకి దిగింది. క్లయింటుకు జవాబు చెప్పేవారి గడిలో మాత్రం ఏ మార్పూ లేదు.